కుర్చీ లేని నాయకుడు: ఆఫ్రికా స్వాతంత్ర్యం వెనక జార్జ్ పాడ్‌మోర్

ఆఫ్రికా మహానాయకుల జాబితా ఎవరు రాసినా మండేలా, ఎన్‌క్రుమా, లుముంబా, నైరేరే పేర్లు తప్పకుండా ఉంటాయి. అమెరికా, కరీబియన్ దీవుల నల్లజాతి వారి జాబితా అయితే డుబోయిస్, మార్కస్ గార్వీ, మార్టిన్ లూథర్ కింగ్. జార్జ్ పాడ్‌మోర్ పేరు ఈ రెండింటిలోనూ అరుదుగానే కనిపిస్తుంది. ఆయన ఏ దేశాన్నీ పాలించలేదు, తూటాకు బలి కాలేదు, ఏళ్ల తరబడి జైల్లోనూ లేరు. అయినా 1945 నుంచి 1960 దాకా ఆఫ్రికా రాజకీయాలు తీసుకున్న పెద్ద మలుపుల్లో చాలావాటి వెనక ఆయన టైప్‌రైటర్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

పాడ్‌మోర్ కథ చదివేవారికి మొదట వచ్చే సందేహం ఒకటుంది. 'ఆఫ్రికా అంతా ఒక్కటే' అనే భావన ఆఫ్రికాలో కాకుండా సముద్రానికి అవతల ఎందుకు బలపడింది? కారణం బానిస వ్యాపారంలోనే ఉంది. ఘనాలోని కుమాసీలో పుట్టినవాడు తాను అసాంటే తెగవాణ్నని చెప్పుకుంటాడు, నైరోబీ పక్కన పుట్టినవాడు కికుయు అంటాడు. ట్రినిడాడ్‌లోనో బార్బడోస్‌లోనో బానిసల మనవడిగా పుట్టినవాడికి ఆ సమాధానం దొరకదు. తాతముత్తాతలది ఏ తెగ, ఏ భాష, ఏ ఊరు అన్నది ఓడలోనే చెరిగిపోయింది. అతనికి మిగిలిన చిరునామా ఒక్కటే, మొత్తం ఆఫ్రికా ఖండం. అందుకే ఖండాన్ని ఒక రాజకీయ యూనిట్‌గా ముందు ఊహించింది ఆ ఖండంలో పుట్టని వాళ్లే. 1900 జులైలో లండన్‌లో మొదటి పాన్ ఆఫ్రికన్ (అంటే ఆఫ్రికా మూలాలున్న వాళ్లంతా ఒక్కటి కావాలనే) సమావేశం జరిపిన హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్ ట్రినిడాడ్‌లోని అరూకా ప్రాంతంలో పెరిగిన లాయరు. మూడేళ్ల తర్వాత పాడ్‌మోర్ పుట్టింది కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే.

ఆయన అసలు పేరు మాల్కం నర్స్. తండ్రి స్కూలు టీచరు, ఇంటి నిండా పుస్తకాలు. తాత బార్బడోస్‌లో బానిసగా పుట్టినవాడు. కుర్రాడు చదువయ్యాక పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పత్రికా విలేకరిగా చేరి, ఓడల రాకపోకల వార్తలు రాస్తూ విసిగిపోయాడు. 1924 చివర్లో అమెరికా బయలుదేరే ముందు, పుట్టబోయే బిడ్డ ఆడైనా మగైనా బ్లైడెన్ అని పేరు పెట్టమని భార్యకు చెప్పాడు. ఎడ్వర్డ్ బ్లైడెన్ కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవిలో పుట్టి లైబీరియాలో స్థిరపడిన పండితుడు. వలస పాలనలో ఒక చిన్న ఉద్యోగి చేయగలిగిన రాజకీయ ప్రకటన ఆ రోజుల్లో అంతకంటే పెద్దది ఉండకపోవచ్చు.

అమెరికాలో నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీలోనూ, తర్వాత వాషింగ్టన్‌లోని హోవార్డ్‌లోనూ చదివారు. 1927 ప్రాంతంలో కమ్యూనిస్టు పార్టీలో చేరి, ఇంటివాళ్లకు ఇబ్బంది రాకుండా జార్జ్ పాడ్‌మోర్ అనే మారుపేరు పెట్టుకున్నారు. 1929 చివర్లో పార్టీ ఆయన్ని మాస్కోకు పంపింది. అక్కడ అంతర్జాతీయ కార్మిక సంఘాల కేంద్రంలో నల్లజాతి కార్మికుల విభాగం బాధ్యత అప్పగించారు. ముప్ఫై ఏళ్లు కూడా నిండని ఒక ట్రినిడాడ్ కుర్రాడికి ఖండాల మీదుగా మనుషుల్ని వెతికి పట్టుకునే పని, దానికి తగిన డబ్బు, ప్రింటింగ్ ప్రెస్ దొరికాయి. 1930లో లండన్‌లో జరగాల్సిన నల్లజాతి కార్మికుల సమావేశానికి అప్పటి లేబర్ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. దాన్ని హాంబర్గ్‌కు మార్చారు.

హాంబర్గ్ రేవు పట్టణం కావడం పాడ్‌మోర్‌కు కలిసొచ్చింది. ఆయన సంపాదకత్వంలో వచ్చిన 'నీగ్రో వర్కర్' పత్రిక ఓడల్లో పనిచేసే నావికుల చేతుల మీదుగా ఫ్రీటౌన్, అక్రా, లేగోస్, కేప్‌టౌన్ రేవులకు చేరేది. వలస ప్రభుత్వాలు దాన్ని నిషేధిస్తే క్రైస్తవ మత పత్రికల అట్టలు తొడిగి పంపేవారు. ఈ కాలంలో ఆయన తయారు చేసుకున్నది ఒక అడ్రసుల పుస్తకం అనుకోవచ్చు. సియెర్రా లియోన్ కార్మిక నాయకుడు వాలెస్ జాన్సన్ ఈ దారిలోనే పరిచయమయ్యారు. కెన్యా నుంచి లండన్ వచ్చిన జోమో కెన్యాట్టాను 1930ల మొదట్లో మాస్కో చదువుకు తీసుకువెళ్లిందీ పాడ్‌మోరే. పార్టీతో తెగతెంపులయ్యాక డబ్బు పోయింది, ప్రెస్ పోయింది, ఆ అడ్రసులు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాయి.

తెగతెంపులకు కారణం సూటిగానే ఉంది. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే నాజీలు పాడ్‌మోర్‌ను జైల్లో పెట్టి, తర్వాత బ్రిటన్‌కు పంపేశారు. జర్మనీ భయంతో సోవియట్ రష్యా బ్రిటన్, ఫ్రాన్స్‌లకు దగ్గర కావడం మొదలుపెట్టింది. ఆఫ్రికాలో అత్యధిక భాగాన్ని ఏలుతున్నది ఆ రెండు దేశాలే కాబట్టి వలస వ్యతిరేక ప్రచారం జోరు తగ్గించాలని మాస్కో ఆలోచన, పాడ్‌మోర్ పనిచేస్తున్న కమిటీని మూసేశారు. జర్మనీకి, జపాన్‌కు ఆఫ్రికాలో వలసలే లేనప్పుడు ప్రధాన శత్రువులు వాళ్లేనని ఆఫ్రికన్లకు ఎలా చెప్పాలన్నది ఆయన ప్రశ్న. 1934లో పార్టీ ఆయన్ని బహిష్కరించింది. ఆ తర్వాత కూడా ఆయన మార్క్సిస్టు విశ్లేషణను వదల్లేదు, కానీ ఆఫ్రికా ఉద్యమం లండన్ మాటా మాస్కో మాటా వినకూడదన్న పట్టుదల మొదలైంది మాత్రం ఇక్కడే. ఇరవై ఏళ్ల తర్వాత ఘనా నాయకుడు ఎన్‌క్రుమా అలీన విధానం మాట్లాడినప్పుడు అందులో నెహ్రూ ప్రభావం ఎంత ఉందో ఈ పాత చేదు అనుభవం కూడా అంతే ఉంది.

1930ల లండన్‌లో నల్లజాతి రాజకీయ ప్రపంచం చాలా చిన్నది. ట్రినిడాడ్ నుంచి వచ్చిన రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ (మన క్రికెట్ అభిమానుల్లో కొందరికైనా ఆయన క్రికెట్ రచనలు పరిచయమే) ఓసారి జార్జ్ పాడ్‌మోర్ అనే ప్రసిద్ధ నల్లజాతి విప్లవకారుడు మాట్లాడతాడని విని సభకు వెళ్లారు. వేదిక ఎక్కింది తన చిన్ననాటి స్నేహితుడు మాల్కం నర్స్ అని అక్కడికి వెళ్లేదాకా ఆయనకు తెలియదు. 1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద దండెత్తినప్పుడు ఈ స్నేహాలు సంస్థగా మారాయి. జేమ్స్, గార్వీ మొదటి భార్య ఎమీ యాష్‌వుడ్ గార్వీ, కెన్యాట్టా, బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన రాస్ మాకొనెన్ కలిసి ఇథియోపియా మిత్ర సంఘం పెట్టారు. నానాజాతి సమితి సభ్య దేశమైన ఒక ఆఫ్రికా రాజ్యాన్ని ఐరోపా అంతా చూస్తుండగా మింగేశారు. చట్టం, విజ్ఞప్తి, వినతిపత్రం మీద ఆ తరానికి ఉన్న కొద్దిపాటి నమ్మకాన్ని ఈ యుద్ధం చంపేసింది. 1937లో పాడ్‌మోర్ అధ్యక్షుడిగా ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ సర్వీస్ బ్యూరో మొదలైంది.

అదే లండన్‌లో వయసు మళ్లిన మార్కస్ గార్వీ కూడా ఉండేవారు. 1919లో న్యూయార్క్‌లో నల్లజాతి వారి కోసం ఓడల కంపెనీ పెట్టి లక్షల మందిని కదిలించిన మనిషి, ఇప్పుడు హైడ్ పార్క్‌లో చిన్న గుంపులకు ఉపన్యాసాలిచ్చేవారు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని ఆయన తిడుతుంటే పాడ్‌మోర్, జేమ్స్ వెళ్లి కేకలు వేసి అడ్డుకునేవారు. 1940 మేలో గార్వీ చనిపోయారని అమెరికా పత్రికల్లో తప్పుడు వార్త వచ్చింది. దాన్ని పంపింది పాడ్‌మోరే అంటారు. పక్షవాతంతో మంచం మీదున్న గార్వీ తన సంతాప వార్తలు తానే చదువుకున్నారు, కొద్ది వారాలకు నిజంగానే పోయారు. పాడ్‌మోర్ జీవితంలో మెచ్చుకోవడానికి వీల్లేని ఘట్టం ఇది. విచిత్రం ఏమిటంటే పద్దెనిమిదేళ్లు తిరగకముందే ఆయన పనిచేసిన ఘనా జెండా మధ్యలో నిలిచింది గార్వీ ఓడల కంపెనీ గుర్తైన నల్ల నక్షత్రమే.

1940ల్లో పాడ్‌మోర్ కార్యాలయం లండన్ ఉత్తర భాగంలో 22 క్రాన్లీ స్ట్రీట్‌లోని ఫ్లాట్. కార్యాలయం అనడం కంటే వంటగది అనడమే నిజం. అమెరికాలోని 'షికాగో డిఫెండర్' మొదలు పశ్చిమాఫ్రికా, కరీబియన్ పత్రికల దాకా ఆయన అక్కడి నుంచే వార్తలు, వ్యాసాలు పంపేవారు. కెన్యాలో భూమి చట్టం మారితే జమైకా పాఠకుడికి తెలిసేది, ట్రినిడాడ్ చమురు కార్మికుల సమ్మె గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా) పాఠకుడికి తెలిసేది. వలస పాలనలో ఒక్కో కాలనీ నేరుగా లండన్‌తోనే మాట్లాడుతుంది, పక్క కాలనీతో కాదు. ఆ నిలువు గీతల్ని అడ్డంగా కలిపింది ఈ వార్తలే, పాడ్‌మోర్ అసలు రాజకీయ కృషి కూడా అదే. బ్రిటిష్ నిఘా విభాగం ఈ సంగతి ముందే పసిగట్టింది. ఆయన ఉత్తరాలు విప్పి చదివి ఫైళ్లు తయారు చేసుకుంది.

ఆ ఇల్లు గడిచింది డొరతీ పిజర్ జీతంతో. లండన్‌కు చెందిన ఈ తెల్లజాతి మహిళ పగలు సెక్రటరీగా ఉద్యోగం చేసి, మిగతా టైమ్‌లో పాడ్‌మోర్ రాతప్రతులు టైపు చేసి, వచ్చిన వాళ్లకు భోజనం పెట్టేవారు. ఒక పుస్తకం ఇద్దరూ కలిసే రాశారు. ఉద్యమ చరిత్రల్లో ఆమె ప్రస్తావన చాలాకాలం 'టీ ఇచ్చిన ఆవిడ' స్థాయి దాటలేదు. పాడ్‌మోర్‌నే మర్చిపోయిన చరిత్ర ఆయన్ని పోషించిన మనిషిని గుర్తుపెట్టుకుంటుందని ఎలా అనుకుంటాం?

1945లో ఈ ఇంటికి ఫ్రాన్సిస్ ఎన్‌క్రుమా అనే విద్యార్థి వచ్చారు. పదేళ్లు అమెరికాలో చదివి, జేమ్స్ ఇచ్చిన పరిచయ ఉత్తరంతో లండన్‌లో దిగారు. కుర్రాడు అంత చురుకైనవాడేమీ కాదు, అయినా యూరోపియన్లను ఆఫ్రికా నుంచి వెళ్లగొట్టాలన్న పట్టుదల ఉంది, చేతనైన సాయం చెయ్యి అన్నది ఆ ఉత్తరం సారాంశమని జేమ్స్ తర్వాత నవ్వుతూ చెప్పేవారు. పాడ్‌మోర్ యూస్టన్ రైల్వే స్టేషన్‌కు స్వయంగా వెళ్లి ఆయన్ని తీసుకొచ్చారు. కొద్ది నెలల్లోనే ఇద్దరూ ఆ వంటగది బల్ల దగ్గర కూర్చుని, పెట్టిన టీ సంగతి మర్చిపోయి, వందల ఉత్తరాలు పంపుతున్నారు.

ఆ ఉత్తరాలు మాంచెస్టర్‌లో జరగబోయే అయిదో పాన్ ఆఫ్రికన్ కాంగ్రెస్ కోసం. దాని వెనక పాడ్‌మోర్ లెక్క చాలా ప్రాక్టికల్. ఆఫ్రికా నుంచి ప్రతినిధుల్ని రప్పించడానికి డబ్బు లేదు. అయితే ప్రపంచ కార్మిక సంఘాల సమావేశం కోసం కాలనీల కార్మిక నాయకులు ఎలాగూ ఆ శరదృతువులో పారిస్ వస్తున్నారు. తిరుగు దారిలో వాళ్లను బ్రిటన్‌కు రప్పిస్తే సరిపోతుంది. భోజనం, బస సంగతి మాంచెస్టర్‌లో రెస్టారెంట్లు నడుపుతున్న మాకొనెన్ చూసుకున్నారు. 1919 నుంచి పారిస్, లండన్, న్యూయార్క్‌లలో ఇలాంటి కాంగ్రెస్‌లు జరిపిన అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు మొదట ఈ సంగతి తెలియదు, తానే వేరుగా మరొకటి తలపెట్టారు. పెద్దాయనను నొప్పించకుండా, పగ్గాలు మాత్రం వదలకుండా పాడ్‌మోర్ రాసిన ఉత్తరాలు చదివితే ఆయనలోని రాజకీయవేత్త కనిపిస్తాడు. 77 ఏళ్ల డుబోయిస్ వచ్చి అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు, ఎజెండా మాత్రం క్రాన్లీ స్ట్రీట్‌దే.

1945 అక్టోబర్ 15 నుంచి 21 దాకా చోర్ల్టన్ టౌన్ హాల్‌లో హైతీ, లైబీరియా, ఇథియోపియా జెండాల కింద సుమారు 90 మంది ప్రతినిధులు కూర్చున్నారు. పాత కాంగ్రెస్‌లలో మేధావులు, ప్రొఫెసర్లు ఎక్కువ. ఇక్కడ రైల్వే కార్మికులు, కోకో రైతుల సంఘాలు, డాక్టర్లు, విద్యార్థులు అందరూ ఉన్నారు. సంస్కరణలు ఇప్పించండి అన్న భాష పోయి, స్వాతంత్ర్యం కావాలన్న భాష వచ్చింది. సమ్మె, బహిష్కరణ ఆయుధాలుగా కార్మికులు ముందు నిలవాలని తీర్మానించారు, చివరి మార్గంగా బలప్రయోగం మాట కూడా కాగితం మీద పెట్టారు. కాలనీల కార్మికులు, రైతులు, మేధావులకు పిలుపునిచ్చే ప్రకటన ఎన్‌క్రుమా రాశారు. సమావేశాన్ని బ్రిటిష్ పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. ఆ గదిలో కూర్చున్న ఎన్‌క్రుమా పన్నెండేళ్లు తిరక్కుండా ఘనా ప్రధాని అయ్యారు, కెన్యాట్టా 1963లో కెన్యా ప్రధాని అయ్యారు.

మాంచెస్టర్‌ను మరీ ఆకాశానికి ఎత్తడం కూడా సరికాదు. వేదిక మీద మాట్లాడిన మహిళలు ఇద్దరే, ఎమీ యాష్‌వుడ్ గార్వీ, జమైకాకు చెందిన ఆల్మా లా బాడీ. నల్లజాతి వాడి గురించి ఎంతో మాట్లాడారు, నల్లజాతి స్త్రీ గురించి ఎవరూ నోరెత్తడం లేదని ఎమీ సభలోనే నిలదీశారు. దానికి తీర్మానాల్లో దక్కిన చోటు స్వల్పం.

1947 చివర్లో ఎన్‌క్రుమా గోల్డ్ కోస్ట్ తిరిగి వెళ్లారు. 1948 ఫిబ్రవరి 28న అక్రాలో పెన్షన్ల కోసం ఊరేగింపుగా వచ్చిన మాజీ సైనికుల మీద పోలీసులు కాల్పులు జరిపి ముగ్గురిని చంపడంతో దేశం భగ్గుమంది. 1950 జనవరిలో ఎన్‌క్రుమా ప్రకటించిన 'పాజిటివ్ యాక్షన్' అనే అహింసా ఉద్యమం గాంధీ పద్ధతికి, మాంచెస్టర్ తీర్మానాలకు పుట్టిన బిడ్డ. ఆయన జైల్లో ఉండగానే 1951 ఎన్నికల్లో పార్టీ గెలిచింది. ఇన్నేళ్లూ లండన్ నుంచి సలహాలు, బ్రిటిష్ పార్లమెంటులో ఎవరిని కలవాలన్న సూచనలు, పత్రికల్లో సమర్థన అందిస్తూ వచ్చింది పాడ్‌మోర్.

1957 మార్చి 6న ఘనా స్వతంత్రమైంది. ఆ ఏడాది చివర్లో పాడ్‌మోర్, డొరతీ అక్రాకు మారారు. ప్రధానికి ఆఫ్రికా వ్యవహారాల సలహాదారు హోదా ఇచ్చారు. ఆయన రెండేళ్లలో చేసిన పనిలో ముఖ్యమైనవి 1958 నాటి రెండు సమావేశాలు. ఏప్రిల్‌లో అప్పటికి స్వతంత్రంగా ఉన్న ఎనిమిది ఆఫ్రికా దేశాల ప్రభుత్వాలు అక్రాలో కలిశాయి. డిసెంబర్‌లో ప్రభుత్వాలు కాకుండా పార్టీలు, సంఘాలు, ఉద్యమాలు వచ్చాయి. ఈ రెండోదే పాడ్‌మోర్ మార్కు సమావేశం. అల్జీరియా పోరాటం తరఫున ఫ్రాంజ్ ఫానన్ వచ్చారు, కెన్యా కార్మిక నాయకుడు టామ్ ఎంబోయా అధ్యక్షత వహించారు. బెల్జియన్ కాంగో నుంచి పాట్రిస్ లుముంబా వచ్చారు. తిరిగి వెళ్లిన లుముంబా డిసెంబర్ 28న లియోపోల్డ్‌విల్‌లో పెద్ద సభ పెట్టి స్వాతంత్ర్యం డిమాండ్ చేశారు. వారం తర్వాత ఆ నగరంలో అల్లర్లు చెలరేగాయి, ఏడాదిన్నరలో బెల్జియం కాంగోను వదిలింది. అల్లర్లకు స్థానిక కారణాలు చాలా ఉన్నాయి, అక్రా ఒక్కటే కారణమని చెప్పడం అతిశయోక్తి. కానీ కాంగో నాయకుడికి ఖండం మొత్తం తన వెంట ఉందన్న ధైర్యం ఇచ్చిన గది అదే.

ఇంత చేసినా అక్రాలో పాడ్‌మోర్ పరాయివాడిగానే మిగిలారు. ప్రభుత్వ అధికారులకు ఫైలు దాటకుండా నేరుగా ప్రధానిని కలిసే ఈ విదేశీయుడు నచ్చలేదు. ఎన్‌క్రుమా పార్టీలోనూ, మనవాళ్లు లేరా, వెస్టిండీస్ నుంచి తెచ్చుకోవాలా అన్న గొణుగుడు వినిపించేది. జీవితమంతా ఆఫ్రికన్‌నని చెప్పుకున్న మనిషిని తీరా ఆఫ్రికాకు వచ్చాక ట్రినిడాడ్ వాడిగా చూశారు. ఇక్కడ ఆ మొదటి ప్రశ్న తలకిందులవుతుంది. బయటి నుంచి చూసినప్పుడు ఒక్కటిగా కనిపించిన ఖండం, దగ్గరికి వెళ్తే ఉద్యోగాలు, బడ్జెట్లు, ప్రాంతీయ పార్టీలు, అసాంటే కోకో రైతుల ఫిర్యాదులుగా విడిపోయింది.

మరో సంగతి దాటవేయకూడదు. విచారణ లేకుండా అయిదేళ్లు జైల్లో పెట్టే అధికారాన్ని ఘనా ప్రభుత్వం 1958 జులైలో చట్టం చేసుకుంది. బ్రిటిష్ కాలనీల్లో అలాంటి చట్టాల మీద పాతికేళ్లు రాసిన పాడ్‌మోర్ అప్పుడు ఎన్‌క్రుమా సలహాదారుగానే ఉన్నారు. ఖండం విముక్తి పెద్ద పని, ఒక దేశంలో ప్రతిపక్షం హక్కులు తర్వాత చూసుకోవచ్చు అనే లెక్క ఆ తరంలో చాలామందికి ఉండేది. ఆ లెక్క ఎంత ఖరీదైందో 1960ల్లో ఆఫ్రికా అంతా చూసింది. ఎన్‌క్రుమాను కూలదోసిన సైనికులకు 1966 ఫిబ్రవరిలో అక్రా వీధుల్లో చప్పట్లు దొరకడానికి ఆ చట్టం కూడా ఒక కారణం.

పాడ్‌మోర్ అదంతా చూడలేదు. కాలేయ జబ్బుతో 1959 సెప్టెంబర్ 23న లండన్ ఆసుపత్రిలో చనిపోయారు. అస్థికలను అక్రాకు తెచ్చి, ఒకప్పుడు డేన్లు బానిస వ్యాపారం నడిపిన క్రిస్టియన్స్‌బోర్గ్ కోటలో ఉంచారు. ఈయన పూర్వీకులను ఓడ ఎక్కించింది ఇక్కడి నుంచేనేమో ఎవరికి తెలుసు అన్న అర్థంలో ఎన్‌క్రుమా మాట్లాడారు. డొరతీ ఘనాలోనే ఉండిపోయి 1964లో కన్నుమూశారు. పాడ్‌మోర్ పోయిన మరుసటి ఏడాది, 1960లో, 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి. ఒక్కొక్కటీ వలస పాలకులు గీసిన సరిహద్దులతోనే జెండా ఎగరేసింది. 1963లో ఏర్పడ్డ ఆఫ్రికా ఐక్యతా సంస్థ మరుసటి ఏడాదే, 1964లో కైరోలో, ఆ సరిహద్దుల్ని కదిలించకూడదని తీర్మానించింది.

ఆ తర్వాతి పాన్ ఆఫ్రికన్ కాంగ్రెస్, ఆరోది, 1974 జూన్‌లో టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో జరిగింది. దాన్ని తలపెట్టిన వారిలో పాడ్‌మోర్ చిన్ననాటి స్నేహితుడు జేమ్స్ కూడా ఉన్నారు. ఈసారి ఆతిథ్యానికి ఒక దేశాధ్యక్షుడే ఉన్నారు. కానీ కరీబియన్ ప్రభుత్వాల ఒత్తిడితో, ఆ ప్రభుత్వాలను వ్యతిరేకించే అక్కడి ఉద్యమకారులకు ప్రవేశం దక్కలేదు. అధికారిక ప్రతినిధి బృందాలదే రాజ్యమైంది. నిరసనగా జేమ్స్ వెళ్లలేదు. ఆ నిబంధనే 1945లో ఉండి ఉంటే మాంచెస్టర్ హాల్‌లో అడుగుపెట్టే అర్హత పాడ్‌మోర్‌కు గానీ, ఎన్‌క్రుమాకు గానీ, కెన్యాట్టాకు గానీ ఉండేది కాదు.